అబ్దోన్ కొమ్ము

రోజూ పొద్దున్నే, పొయ్యిలో ఇంకా కట్టె పెట్టకముందే, ఒర్ఫెలీనా మిల్యాలొంకో శాలువా కప్పుకుని కిందికి, నీళ్ల దగ్గరికి వెళుతుంది. ఒడ్డున ఆమె పెళ్లయిన ఏడు పాతిన మాను ఒకటి ఉంది. దానికి అంటుకున్న గుల్లలు ఎంతవరకు తడిసి ఉన్నాయో చెయ్యి పెట్టి తడుముతుంది. ఇంటికి తిరిగి వచ్చాక గోడకు వేలాడే ఎద్దుకొమ్మును దించి, కాస్త పందికొవ్వు తీసుకుని మూతి నుంచి కొన దాకా రాస్తుంది. రాయకపోతే కొమ్ము పగులుతుంది. ఆ తర్వాతే పొయ్యి, ఆ తర్వాతే మాతే ఆకుల టీ. ఆటుపోట్ల వేళలు రేడియోలో చెబుతారు, అచ్చు పుస్తకం కూడా ఇంట్లో ఉంది. అవీ చూస్తుంది. అయినా మాను తడిమి రాందే నమ్మదు.

మా దీవుల్లో ఫుట్‌బాల్ ఆడాలంటే ముందు పడవ ఉండాలి. ఎనిమిది దీవులు, ఎనిమిది క్లబ్బులు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ప్రతి ఆదివారం నాలుగు పడవలు నాలుగు దీవులకు దాటుతాయి. ఆటగాళ్లు, వాళ్ల పెళ్లాలు, మిల్కావ్ అనే బంగాళాదుంప అట్ల గంపలు, ఒకటో రెండో కుక్కలు, అన్నీ ఆ పడవల్లోనే. లింకావె దీవి క్లబ్బు పేరు ఫ్లోర్ దె ఉల్మో. ఉల్మో చెట్టు తెల్లగా పూస్తుంది కాబట్టి వాళ్ల చొక్కాలూ తెల్లనివే, రెండో సగానికల్లా బురద రంగు. వాళ్లను దాటించే పడవ 'పోర్ఫియాదా'. మొండిది అని ఆ పేరుకు అర్థం. అది ఒర్ఫెలీనాది.

ఆటు వచ్చిందంటే మా సముద్రం ఇంటి కప్పంత ఎత్తు దిగిపోతుంది. అందుకే ఎప్పటినుంచో ఒక కట్టుబాటు ఉంది. వచ్చిన జట్టు పడవ నడిపే మనిషి ఆట చూడడానికి వెళ్లకూడదు. ఒడ్డునే నిలబడి నీళ్లు చూస్తుండాలి. ఆ దీవికంటూ ఒక గుర్తు ఉంటుంది, ఏ రాయో, ఏ గుంజో. నీళ్లు ఆ గుర్తుకు దిగగానే కొమ్ము ఊదాలి. కొమ్ము వినబడిన క్షణాన రిఫరీ ఈల వేసి ఆట ఆపేస్తాడు. అప్పటికి ఎన్ని గోల్సో అదే లెక్క. రిఫరీని తిట్టొచ్చు, అతని తల్లిని కూడా తిట్టొచ్చు, చాలామంది తిడతారు. కొమ్మును మాత్రం ఎవరూ ప్రశ్నించరు. ఎందుకంటే మైదానాలన్నీ గుట్ట మీద ఉంటాయి, అక్కణ్ణించి గుర్తు కనబడదు. నీళ్లను చూసేది ఆ ఒక్క మనిషే.

ఒర్ఫెలీనా భర్త అబ్దోన్ కూడా పాతికేళ్లు ఆ కొమ్ము ఊదినవాడే. ఒకే ఒక్కసారి తప్పు ఊదాడు.

అది కెతెలాన్ దీవిలో. కెతెలాన్ రేవు పొడుగాటి సన్నని పాయ. దాని మొగ దగ్గర నీటి అడుగున రాతి తిన్నె ఉంది. మొగ పక్కనే పడుకున్న ఆవులాంటి నల్లరాయి. నీళ్లు దిగుతుంటే ముందు ఆవు వీపు బయటపడుతుంది, తర్వాత మెడ. మెడ మీదున్న తెల్లటి చారిక కనబడితే తిన్నె మీద పడవ దాటేంత నీళ్లు ఇంకాసేపే ఉన్నాయని అర్థం. ఆ రోజు ఉల్మో క్లబ్బు రెండు ఒకటితో ముందుంది. పావుగంట ఆట మిగిలి ఉండగా అబ్దోన్ కొమ్ము మోగింది. రిఫరీ ఆట ఆపాడు. అయితే ఆ సమయానికి కెతెలాన్ ఆడమనిషి ఒకతె మొగ దగ్గర బురదలో గుల్లలు ఏరుకుంటోంది. గంప నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కి వచ్చి, అందరి ముందూ, ఆవు వీపు కూడా ఇంకా ఆరలేదని చెప్పింది.

ఆ రోజు తన్నుకున్నారు. తన్నులు వారం రోజుల్లో మానిపోయాయి. మాట మానలేదు. ఎనిమిది దీవుల్లోనూ అబ్దోన్ కొమ్ము అనేది సామెతలాగా వాడుకలో పడిపోయింది. ఎవడైనా బంగాళాదుంపల తవ్వకం మధ్యలో జారుకుంటే అబ్దోన్ కొమ్ము ఊదాడంటారు. ప్రార్థన పూర్తికాకముందే గుడి బయటికొచ్చేవాళ్లకూ అదే మాట. పోర్ఫియాదా కెతెలాన్ రేవులోకి రాగానే ఒడ్డున ఉన్న మగవాళ్లు చేతులు నోటి దగ్గర పెట్టుకుని 'బూఁ' అని ఊదేవాళ్లు.

ఒర్ఫెలీనా మొగుడి తరఫున ఏడాదిపాటు పోట్లాడింది. గుల్లలేరుకునే దానికి కళ్లు లేవంది. ఆ మాట మీద సొంత అక్కతో కూడా మాటలు మానేసింది. మరుసటి చలికాలం అబ్దోన్ ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. ఒకరోజు ఆమె కషాయం పట్టుకుని వెళితే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అలాగే గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"నీళ్లు గుర్తుకు దిగలేదు ఒర్ఫే. గెలుస్తున్నాం కదా అని ఊదేశాను."

ఆమె కషాయం గిన్నె బల్ల మీద పెట్టింది. చల్లారిపోతుంది తాగమంది. అతను పోయాక పడవ తను నడపడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్లు. ఆడమనిషి పడవేమిటని అన్నవాళ్లు అన్నారు, ఎక్కేవాళ్లు ఎక్కారు.

ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఆమె కొమ్ము ఊదింది. ఒక్క నిమిషం ముందూ ఊదలేదు, వెనకా ఊదలేదు. ఉల్మో ఓడిపోతున్నప్పుడూ ఊదింది, ఇంకో రెండు నిమిషాలైతే సమం చేసేవాళ్లమని కుర్రాళ్లు నెత్తి కొట్టుకున్నప్పుడూ ఊదింది. ఆట ఎలా నడుస్తోందో ఆమెకు శబ్దాన్ని బట్టి తెలిసేది. పెద్ద హోరు వస్తే వాళ్ల గోల్. పది పన్నెండు గొంతుల పలచని కేక వస్తే మనది. ఏ కేకా రాకుండా గొణుగుడు వినిపిస్తే బంతి మళ్లీ కంచె అవతల పశువుల కొట్టంలో పడిందన్నమాట. బయటి దీవుల్లో తన క్లబ్బు ఆడిన ఆట ఒక్కటి కూడా ఆమె కళ్లతో చూసి ఎరగదు.

కెతెలాన్ క్లబ్బు పెద్ద ఎర్మోహెనెస్ కార్కామో చిన్నప్పుడు అబ్దోన్‌తో కలిసి గొర్రెలు కాసినవాడు. ఆ చనువుతో ఒర్ఫెలీనాను వదినా అంటాడు. ప్రతి ఏడూ ఆమె రేవులో దిగగానే ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"వదినా, మీ కొమ్ముకు జలుబు తగ్గిందా?"

"మీ ముక్కు సంగతి చూసుకోండి" అనేది ఆమె. ఏడాదికేడాది 'బూఁ' అని ఊదేవాళ్లు తగ్గారు. పదేళ్లు గడిచేసరికి ఎర్మోహెనెస్ ఒక్కడే మిగిలాడు, అతనూ అలవాటు కొద్దీ అడిగేవాడు.

ఇక ఆ సీజను సంగతి. ఇప్పటికి అయిదేళ్లవుతుంది. ఏప్రిల్‌లో మొదటి ఆటకు ఉల్మోకు ఏడుగురే పోగయ్యారు. ఏడుగురికంటే తగ్గితే ఆడనివ్వరు. నాలుగు గోల్స్ తిని వచ్చారు. మిగిలిన కుర్రాళ్లు సాల్మన్ చేపల పంజరాల దగ్గర పనిలో ఉన్నారు, వాళ్లకు ఆదివారాలు లేవు. జట్టు కెప్టెన్ నొల్బేర్తో అబ్దోన్ చెల్లెలి కొడుకు. వయసు ముప్పై నాలుగు, రెండు మోకాళ్లకూ గుడ్డ చుట్టుకోకపోతే పరుగెత్తలేడు. అతనూ ఆ పంజరాల దగ్గరే పని చేస్తాడు. మేస్త్రీ చుట్టూ నెల రోజులు తిరిగి, బతిమాలి, తనతో కలిపి అయిదుగురికి ఆదివారాలు సెలవు సంపాదించాడు. కాకపోతే ఆదివారం సాయంత్రం ఏడింటికి లింకావె రేవులోకి వచ్చే కంపెనీ పడవ ఎక్కి తీరాలి. ఒక మనిషి మూడుసార్లు తప్పితే పనిలోంచి తీసేస్తారు.

ఆ అయిదుగురు రావడంతో ఉల్మోకు ఊపిరి వచ్చింది. మేలో రెండు గెలిచారు. జూన్‌లో ఒక్కటీ ఓడలేదు. గోల్‌కీపర్ లిసాంద్రో దీవిలోని చెక్క గుడికి పెద్ద. పూజారి ఏడాదికి రెండుసార్లే వస్తాడు కాబట్టి ఆదివారం ప్రార్థన అతనే చెప్పిస్తాడు. ప్రార్థన కాగానే అవే నల్లటి తోలుబూట్లతో పడవెక్కేవాడు. పెనాల్టీ ఆపిన రోజు దేవుడి దయ అనేవాడు. వదిలేసిన రోజు బూట్లు జారాయనేవాడు. దేవుడిదంతా పుణ్యం, బూట్లదంతా పాపమా అని పడవలో అతన్ని ఏడిపించేవాళ్లు. ఆగస్టు వానల్లో నొల్బేర్తోకు రెండు ఆదివారాల పడవలు తప్పాయి. ఒకటి తల్లిని పాతిపెట్టిన రోజు, ఒకటి పొగమంచు కమ్మి పోర్ఫియాదా సముద్రం మధ్యలో ఆగిపోయిన రోజు. రెండోసారి పడవ నడిపింది ఒర్ఫెలీనాయే కాబట్టి ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు.

సెప్టెంబరు చివరి ఆదివారానికి పరిస్థితి ఇలా ఉంది. చివరి ఆట కెతెలాన్‌లో. ఉల్మో గెలిస్తే కప్పు ఉల్మోది. ఓడినా, సమమైనా కెతెలాన్‌ది. నలభై ఒక్క ఏళ్లలో ఉల్మోకు ఒక్క కప్పూ లేదు. క్లబ్బు గదిలో కప్పు కోసం అబ్దోన్ చేసిన చెక్క అర మీద అగ్గిపెట్టెలూ కొవ్వొత్తులూ పెట్టుకుంటున్నారు.

దాటుతున్నప్పుడు నొల్బేర్తో వెనక్కి వచ్చి చుక్కాని పక్కన కూర్చున్నాడు. మోకాళ్లకు గుడ్డ చుట్టుకుంటూ మాట్లాడాడు.

"అత్తా, ఇవాళ నీళ్లు ఎలా ఉంటాయి?"

"తొందరగా లాగుతాయి. ఈ నెల ఆటు అంతే కదా."

"మనం ముందుంటే మాత్రం నువ్వు ఆలస్యం చెయ్యకు. మామయ్య ఉంటే చేసేవాడు కాదు."

ఒర్ఫెలీనా చుక్కాని కాస్త తిప్పింది. మామయ్య తప్పు ఊదాడంటే ఇప్పటికీ తన్నడానికి లేచేది దీవి మొత్తం మీద నొల్బేర్తో ఒక్కడే.

"ఆవు మెడ కనబడగానే ఊదుతాను. ముందూ లేదు, వెనకా లేదు" అంది.

"అది చాలు" అన్నాడతను.

రిఫరీ ఇంకో దీవి నుంచి రావాలి. పొగమంచులో అతని పడవ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆట వాయిదా వేద్దామంటే ఉల్మో కుర్రాళ్లకు మళ్లీ సెలవు దొరకదు. ఇప్పుడే మొదలుపెడితే ఆట పూర్తయ్యేలోపు నీళ్లు ఉంటాయో ఉండవో తెలియదు. రేవులో అందరూ గుమిగూడి వాదించుకుంటుంటే ఎర్మోహెనెస్ చెయ్యెత్తాడు. ఆ రోజు జలుబు సంగతి అడగలేదు. టోపీ తీసి, తన దీవి వాళ్లందరూ వినేలా చెప్పాడు.

"ఆడేద్దాం. మొగ దగ్గర ఉండేది వదిన. ఆవిడ ఊదితే మేం ఆపేస్తాం. ఆవిడ కొమ్ము మీద మాకు నమ్మకం ఉంది."

ఒక్కరూ నవ్వలేదు. ఒక్కరూ 'బూఁ' అనలేదు. ఒర్ఫెలీనా తల ఊపి, కొమ్ము చంకన పెట్టుకుని, మొగ వైపు నడిచింది. మైదానం దగ్గర నుంచి అక్కడికి పది నిమిషాల నడక. ఆ రోజు కెతెలాన్‌లో నడవగలిగినవాళ్లంతా గుట్ట మీదే ఉన్నారు. బురదలో గుల్లలు ఏరేవాళ్లు కూడా లేరు. సముద్రపు కాకులూ, ఆమే.

ఈల వినబడగానే అబ్దోన్ గడియారంలో వేళ చూసుకుంది. మొదటి సగమంతా పెద్ద హోరు చాలాసార్లు లేచి సగంలోనే విరిగిపోయింది. లిసాంద్రో బూట్లు జారడం లేదనుకుంది. రెండో సగం ఇరవయ్యో నిమిషంలో పలచని కేక వచ్చింది. మళ్లీ వచ్చింది, ఆగకుండా వచ్చింది, దాంట్లో లిసాంద్రో భార్య గొంతు విడిగా గుర్తుపట్టింది. ఒకటి సున్నా. ఉల్మో ముందుంది. ఆవు వీపు అప్పటికే ఆరిపోయి ఉంది.

అప్పటి నుంచి ఆమె రాయి మీంచి చూపు తిప్పలేదు. నీళ్లు తొందరగా దిగుతున్నాయి. ఎనభై రెండో నిమిషంలో అల ఒకటి వెనక్కి లాగింది. ఆవు మెడ మీద తెల్ల చారిక ఒక కొన నుంచి ఇంకో కొన దాకా బయటపడింది. తర్వాతి అల దాన్ని కప్పలేదు. ఆ తర్వాతిదీ కప్పలేదు.

కొమ్ము నోటి దగ్గర పెట్టుకుంది. కొవ్వు రుచి పెదవులకు తగిలింది. ఊపిరి పీల్చుకుంది.

ఇప్పుడు ఊదితే కప్పు తమది. అదీ న్యాయంగా. కానీ న్యాయమని ఎవరికి తెలుసు? చూసినవాళ్లు లేరు. ఇదే దీవి, ఇదే రాయి, ఒక గోల్‌తో ముందున్నది తమ జట్టే, ఊదబోయేది అబ్దోన్ పెళ్లాం. ఇంత దాకా పద్నాలుగేళ్లు ఊదినదంతా ఈ ఒక్క ఊదు కోసమే దాచుకుందంటారు. మొగుడికి ఆట కొట్టెయ్యడం చేతకాలేదు, పెళ్లాం నేర్చుకుందంటారు. ఎర్మోహెనెస్ ఏమీ అనడు. టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్లిపోతాడు. అదే ఆమెకు భరించలేని సంగతిగా తోచింది. పైకి వెళ్లి ఎవరినైనా సాక్షిని తీసుకొద్దామంటే వెళ్లడానికి పది, రావడానికి పది.

ఎనిమిది నిమిషాలే కదా అనుకుంది. ఎనిమిది నిమిషాలు కుర్రాళ్లు కాపాడుకోలేరా? పూర్తి ఆట ఆడి గెలిస్తే ఎవరూ నోరెత్తలేరు. దిగిరావడానికి పరుగెత్తితే అయిదు నిమిషాలు. తిన్నె మీద నీళ్లు అప్పటికి పలచబడతాయి గానీ, ఇంజిను గట్టిగా తోలితే పోర్ఫియాదా దాటొచ్చు. ఏడింటి పడవా, నొల్బేర్తో మూడోసారి సంగతీ ఆమెకు గుర్తున్నాయి. పడవలో తను ఇచ్చిన మాట కూడా గుర్తుంది. గుర్తుండగానే కొమ్ము నోటి దగ్గర నుంచి దించింది.

ఎనభై తొమ్మిదో నిమిషంలో పెద్ద హోరు లేచింది. ఈసారి విరగలేదు.

ఉల్మో కుర్రాళ్లు తల వంచుకుని పరుగెత్తుకుంటూ వచ్చి పడవ ఎక్కారు. ఆమె ఇంజినును ఎంత తోలగలదో అంతా తోలింది. తిన్నె మీద పడవ అడుగు రాతికి తగిలిన చప్పుడు అందరికీ వినబడింది. అడుగు పలక ఒకటి విచ్చుకుంది. కాళ్ల కిందికి నీళ్లొచ్చాయి. గెడలతో వెనక్కి నెట్టుకుని పాయలోకి తెచ్చేసరికి నీళ్లు పూర్తిగా లాగేశాయి, పోర్ఫియాదా బురదలో ఒక పక్కకు ఒరిగి పడుకుంది. మళ్లీ పోటు వచ్చేదాకా, అంటే అర్ధరాత్రి దాకా కదలడం లేదు. నొల్బేర్తో బురదలోకి దిగి ఆవు రాయి వైపు చూశాడు. అప్పటికి కాళ్లతో సహా మొత్తం ఆవు బయటే ఉంది. అతను ఒర్ఫెలీనా వైపు చూడలేదు.

ఎర్మోహెనెస్ దిగి వచ్చి ఒరిగిన పడవనూ, ఆమెనూ చూశాడు.

"వదినా, ఊదలేదేం?"

"చూపు ఆనలేదు" అందామె. "ఈ మధ్య దూరం మసకగా ఉంటోంది."

అతను అదే నిజమనుకున్నాడు. పాపం, పెద్దదయిపోయిందన్నట్టు భుజం మీద చెయ్యి వేసి పైకి నడిపించాడు. ఆట తర్వాత వచ్చిన జట్టుకు తిండి పెట్టడం ఎలాగూ ఆనవాయితీయే. గోతిలో కాల్చిన రాళ్ల మీద ఉడికిన గుల్లలూ, మాంసమూ, ఆపిల్ రసం పులియబెట్టిన చిచా. కప్పు గెలిచినవాళ్లు కాబట్టి రెండింతలు పెట్టారు. పోర్ఫియాదా మనుషులందరికీ ఇళ్లలో పరుపులు వేశారు. ఉల్మో వాళ్లు తిని పడుకున్నారు.

కంపెనీ మిగతా నలుగురినీ హెచ్చరించి వదిలేసింది. నొల్బేర్తోను తీసేసింది.

ఒర్ఫెలీనాకు చూపు పోయిందనే వార్త ఎనిమిది దీవులూ తిరిగింది. సోమవారాలు బడి పిల్లల్ని పక్క దీవికి దాటించేది ఆమే. తల్లులు రేవులో గుసగుసలాడుకున్నారు, వేరే పడవ మాట్లాడదామా అని. నీళ్లు చూడడంలో ఆమెను మించినవాళ్లు లేరన్న పేరు ఒక్క వారంలో పోయింది. ఆమె కాదనలేదు. కాస్త్రో పట్నం వెళ్లి కళ్ల డాక్టరుకు చూపించుకుంది. దూరపు చూపు పడుచు గద్దకున్నట్టుంది, నీకు అద్దాలెందుకమ్మా అన్నాడాయన. ఆమె సంతలో ఉత్త గాజు బిళ్లలు వేసిన చవకరకం కళ్లద్దాలు కొనుక్కుని, పెట్టుకుని, దీవికి దిగింది. తల్లులు స్తిమితపడ్డారు.

నొల్బేర్తో నాలుగు నెలలు ఆమెతో మాట్లాడలేదు. ఎదురుపడితే కంచె దాటి పొలంలోంచి వెళ్లేవాడు. పోర్ఫియాదాను లింకావెకు లాక్కొచ్చి ఒడ్డున దుంగల మీద ఎక్కించారు గానీ, విచ్చిన పలక బాగుచేయాలంటే అలెర్సె చెట్టు బెరడు నారను సందుల్లోకి ఉలితో కొట్టాలి. ఆ పని అబ్దోన్‌కు వచ్చు. అబ్దోన్ దగ్గర నేర్చుకున్నవాడు నొల్బేర్తో ఒక్కడే. ఒర్ఫెలీనా అతన్ని అడగలేదు. బడి పిల్లల కోసం వేరొకరి చిన్న పడవ బదులు తెచ్చుకుని నెట్టుకొచ్చింది.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆమె నీళ్ల దగ్గర నుంచి తిరిగి వస్తుంటే సుత్తి చప్పుడు వినబడింది. నొల్బేర్తో పడవ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్కనే నార ఉండలు. ఆమె మాతే కాచి తెచ్చి దుంగ మీద పెట్టింది. అతను తాగి, గిన్నె తిరిగిచ్చాడు. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడో రోజు వంగి నార అందిస్తుంటే ఆమె కళ్లద్దాలు జారి గడ్డిలో పడ్డాయి. నొల్బేర్తో తీసి, చొక్కాతో తుడిచి, ఇవ్వబోతూ తను పెట్టుకుని చూశాడు. గుట్ట వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. తీసి, చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"ఇవి కిటికీ అద్దాలు అత్తా."

ఆమె చేతిలోని నార ఉండ దుంగ మీద పెట్టింది.

"మెడ ఎప్పుడు కనబడింది?"

"ఎనభై రెండో నిమిషంలో."

అతను ఉలి గడ్డిలో పెట్టాడు. తర్వాత, కోపం లేకుండా, లెక్క సరిచూసుకుంటున్నవాడిలా అన్నాడు.

"అంటే కప్పు మనది."

"మనదే."

"నా పని కూడా ఉండేది."

"ఉండేది. అది కూడా తెలిసే ఊదలేదురా."

"ఎందుకూ?"

చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి. ఆమె దుంగ మీద కూర్చుంది. గోడవైపు తిరిగి అబ్దోన్ చెప్పిన మాటను పదిహేనేళ్ల తర్వాత మొదటిసారి పైకి అంది. "ఆ రోజు మీ మామయ్య ఊదేసరికి నీళ్లు గుర్తుకు దిగలేదు. గుల్లలేరుకునే మనిషి చెప్పింది నిజం." తను మళ్లీ అలా ఊదినట్టు ఎవరూ అనుకోకూడదనుకుంది. తన మాట ఎవరూ నమ్మరని భయపడింది. ఎర్మోహెనెస్ అందరి ముందూ నమ్ముతానన్న రోజే నమ్మలేకపోయింది తనేనని, అది తప్పేనని చెప్పింది.

నొల్బేర్తో కళ్లద్దాలు ఆమె ఒళ్లో పెట్టాడు. మామయ్య గురించి ఒక్క మాటా అనలేదు. మళ్లీ పడవ కిందికి దూరాడు. సుత్తి చప్పుడు మొదలవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. సాయంత్రం వెళ్లేటప్పుడు ఇంకో ఇద్దరు పట్టుకుంటే రేపటికి అయిపోతుందని చెప్పి, రెండడుగులు వేసి ఆగాడు.

"ఈసారి నువ్వు ఒక్కదానివే నిలబడొద్దు అత్తా. పక్కన వాళ్ల మనిషి ఒకడుండాలి."

మార్చిలో ఎనిమిది క్లబ్బుల సమావేశం జరిగింది. అక్కడ ఒర్ఫెలీనా లేచి, ఇకనుంచి గుర్తు దగ్గర వచ్చిన జట్టు మనిషితో పాటు ఆట జరిగే దీవి మనిషి కూడా నిలబడాలని అడిగింది. ఎందుకని ఎవరో అడిగితే తన చూపు సంగతి తెలుసు కదా అంది. అందరూ నవ్వి ఒప్పుకున్నారు. పోయింది తన పేరే గానీ, ఆ ఏడాది నుంచి ఏ దీవిలోనూ ఏ కొమ్మునూ ఎవరూ అనుమానించే పని లేకపోయింది. కెతెలాన్‌లో ఆమె పక్కన నిలబడేది ఎర్మోహెనెస్. కాళ్లనొప్పుల వల్ల గుట్ట ఎక్కడం మానేశాడు. ఇద్దరూ ఒకే గిన్నెలో మాతే తాగుతూ రాయిని చూస్తుంటారు. పైనుంచి కేక వినబడితే అది ఎవరి గోల్ అన్నది ఆమె చెబుతుంది, అతను నమ్ముతాడు. నిరుడు ఒకసారి మెడ కనబడగానే అతనే ముందు చూసి, ఊదండి వదినా, మా వాళ్లు ఓడిపోతున్నారు, ఏం చేస్తాం అన్నాడు. ఆమె ఊదింది.

నొల్బేర్తో ఇప్పుడు పోర్ఫియాదాలోనే పని చేస్తాడు, ఇంజిను అతనిదే. మోకాళ్లు పూర్తిగా పోయాయి కాబట్టి ఆడడు. కెప్టెన్‌గా లిసాంద్రో ఉన్నాడు, కొత్త బూట్లు కొనుక్కున్నాడు. ఉల్మో నిరుడు నాలుగో స్థానంలో నిలిచింది. అబ్దోన్ చేసిన అర మీద ఇంకా అగ్గిపెట్టెలే ఉన్నాయి.

ఒర్ఫెలీనాకు అరవై నాలుగేళ్లు. ఆ కళ్లద్దాలు పడవలో పనిముట్ల పెట్టెలో ఉంటాయి. సోమవారం పిల్లల్ని దాటించేటప్పుడూ, ఆదివారం కెతెలాన్ రేవులో దిగేటప్పుడూ తీసి పెట్టుకుంటుంది.